“అది ట్రిక్కులే” అని పిల్లల్ని పంపించేసే లెక్కల మాస్టార్లకి ఒక బహిరంగ లేఖ

లెక్కల మాస్టార్లకి, మేడమ్‌లకి, నాలాంటి ట్యూషన్ సార్లకి, ముఖ్యంగా ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకి,

నమస్కారం. నేనూ మీలో ఒకణ్ణే. గుంటూరులో మేడ మీద గదిలో నాలుగు బల్లలు, ఒక బోర్డు వేసుకుని పంతొమ్మిదేళ్లుగా ట్యూషన్లు చెప్తున్నాను. కాబట్టి బయట నిలబడి మీ మీద రాళ్లేస్తున్నానని అనుకోకండి. మొదటి రాయి నా నెత్తినే వేసుకుని ఆ తర్వాత మీ దగ్గరికి వస్తాను.

మూడేళ్ల కిందట ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి ఒకతె, క్లాసు అయిపోయి అందరూ చెప్పులు వేసుకుంటుంటే, నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఆ వారమే సంకీర్ణ సంఖ్యలు (√−1 ని కూడా సంఖ్యగా ఒప్పుకునే లెక్కలు) మొదలుపెట్టాం. పేజీ మొత్తానికి ఒకటే వరుస ఉంది:

1 = √1 = √(−1 × −1) = √−1 × √−1 = −1

“ఇందులో ఎక్కడ తప్పుంది సార్?” అంది. చూశాను. మొదటి సమానం కరెక్టే. రెండోదీ కరెక్టే, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్. మూడోది తొమ్మిదో తరగతి నుంచి నేను చెప్తున్న రూలు. నాలుగోది నాలుగు రోజుల కిందట నేనే బోర్డు మీద రాసిన నిర్వచనం. అంటే ఆ వరుసలో ఆ అమ్మాయి సొంతంగా పెట్టిందంటూ ఏమీ లేదు, అన్నీ నా దగ్గర తీసుకున్నవే. కింద వాళ్ల నాన్నగారు బండి హారన్ కొడుతున్నారు. నాకు జవాబు తట్టలేదు. “అది ట్రిక్కులే అమ్మా, ఎంసెట్‌లో రాదు” అన్నాను. “ఓకే సార్” అని పుస్తకం మూసుకుని వెళ్లిపోయింది. గట్టిగా ఇంకోసారి అడిగినా బాగుండేది, అడగలేదు. నేను తప్పించుకున్నానని ఆ అమ్మాయికి అర్థమైపోయిందని నాకూ అర్థమైంది.

రాత్రి భోజనం అయ్యాక నా పాత నోట్సు తీశాను. ఏడేళ్లుగా ఒకే నోట్సు, ప్రతి బ్యాచ్‌కీ అదే డిక్టేషన్. √క × √గ = √(క × గ) అని రాసి, చుట్టూ ఎర్ర పెన్నుతో డబ్బా గీసి ఉంది. పక్కన పాఠ్యపుస్తకం తెరిచి పెడితే అదే సూత్రానికి ముందు ఒక అర వాక్యం ఉంది, ‘క, గ లు ధన వాస్తవ సంఖ్యలైతే’ అని. ఆ అర వాక్యాన్ని నేను ఏళ్ల తరబడి డిక్టేషన్‌లో మింగేశాను. పిల్లలకి విసుగని, ఎలాగూ రూటు లోపల మైనస్ రాదు కదా అని. తొమ్మిదో తరగతిలో రాదు, నిజమే. ఇంటర్‌లో వచ్చింది. వచ్చేసరికి పిల్ల దగ్గర డబ్బా ఉంది, షరతు లేదు. (ఫోన్‌లో రాస్తున్నా, అందుకే అక్షరాలన్నీ తెలుగులోనే పెడుతున్నాను, సర్దుకోండి.)

ఈ ఉత్తరమంతా దాని గురించే. పిల్లలు తెచ్చే దొంగ నిరూపణలు, అదే 1 = 2 లాంటివి, వాటిని తిరగేసి చూస్తే ప్రతిదాని అడుగునా మనం చెప్పకుండా వదిలేసిన షరతు ఒకటి కనిపిస్తుంది. పిల్లలు దాన్ని తెచ్చి మన బల్ల మీద పెడుతుంటే మనమేమో దానికి ట్రిక్కు అని పేరు పెట్టి పంపించేస్తున్నాం.

అందరికీ తెలిసినదాన్నే తీసుకోండి. క = గ అనుకుందాం. రెండు పక్కలా క తో గుణిస్తే క² = కగ. రెండు పక్కలా గ² తీసేస్తే క² − గ² = కగ − గ². కారణాంకాలుగా విడగొడితే (క + గ)(క − గ) = గ(క − గ). రెండు పక్కలా ఉన్న (క − గ) కొట్టేస్తే క + గ = గ. క, గ సమానమే కాబట్టి 2గ = గ, అంటే 2 = 1. దీనికి మనమంతా చెప్పే జవాబు ఒకటుంది: “సున్నాతో భాగించకూడదురా.” జవాబు కరెక్టే. కానీ ఆ పిల్లాడు సున్నాతో ఎక్కడ భాగించాడు? వాడి పేజీలో సున్నా అనేదే లేదు. వాడు చేసిందల్లా మనం చెప్పినట్టు కొట్టేయడమే.

ఆ మాట దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మన క్లాసుల్లో ఇంతకంటే ప్రమాదకరమైన మాట లేదనిపిస్తుంది నాకు. “పైనా కిందా కొట్టేయ్.” “ఇటూ అటూ కొట్టేయ్.” మన భాషలో కొట్టేయడమంటే దొంగతనం కూడా, ఎవరు పెట్టారో గానీ సరిగ్గానే పెట్టారు. భాగించడం అని ఉంటే, దేనితో భాగిస్తున్నాను, అది సున్నా కాదు కదా అన్న ప్రశ్నకి కనీసం చోటుంటుంది. కొట్టేయడానికి ప్రశ్న ఏముంది, పెన్ను ఉంటే చాలు. ‘అటు పంపితే మైనస్ అవుతుంది’ కూడా ఇలాంటిదే. అటు ఎవరు పంపారు, ఎందుకు మారింది, ఏమీ తెలియదు, గేటు దాటితే చొక్కా రంగు మారిపోయినట్టు. నేను గత మూడేళ్లుగా నా క్లాసులో ‘కొట్టేయడం’ మానేశాను, ‘రెండు పక్కలా దేనితో భాగించావో పైకి చెప్పు’ అంటాను. మొదటి నెల పిల్లలకి చిరాకు, నాకూ చిరాకే, నోరు తిరగదు.

పిల్లాడికి తప్పు చూపించడానికి నేను కనిపెట్టిన (అంటే నాకు నేను కనిపెట్టిన, లోకంలో ఎప్పట్నుంచో ఉండే ఉంటుంది) మంచి మార్గం ఒకటుంది. అక్షరాలు తీసేసి అంకెలు వేసి మొదటి లైను నుంచి నడిపించడం. క = 3, గ = 3 వేయండి. 9 = 9, నిజం. 9 − 9 = 9 − 9, నిజం. 6 × 0 = 3 × 0, ఇదీ నిజమే. 6 = 3. అదిగో, ఇక్కడ పడింది. నిజం లైను చివరిది ఏది, అబద్ధం లైను మొదటిది ఏది, ఆ రెంటి మధ్యలో ఏం చేశావు, ఇంతే. మీరు నోరు తెరవక్కర్లేదు, వాడే “ఓహ్, క − గ అంటే సున్నా కదా సార్” అంటాడు. ఆ “ఓహ్” విన్నాక ఆ పిల్లాడు జన్మలో మళ్లీ చూడకుండా కొట్టేయడు. వందసార్లు “సున్నాతో భాగించకూడదు” అని రాయించండి, ఆ పని జరగదు.

సున్నా విషయంలో పిల్లలు తికమకపడితే ‘ఇదీ రాదా’ అనేవాళ్లకి ఒక మాట. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాని సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు గణిత సార సంగ్రహంలో, సంఖ్యని సున్నాతో భాగిస్తే ఆ సంఖ్య మారకుండా అలాగే ఉంటుందన్నాడు. మన పావులూరి మల్లన 11వ శతాబ్దిలో తెలుగులోకి తెచ్చుకున్నది ఆ మహావీరుడి గణితాన్నే. 1150లో భాస్కరాచార్యుడు సంఖ్యని సున్నాతో భాగిస్తే వచ్చేదానికి ఖహరం అని పేరు పెట్టి అది అనంతం అన్నాడు. ముగ్గురు మహానుభావులు, మూడు జవాబులు. ఆయన పుస్తకం లీలావతిలో ఒక లెక్క కూడా ఉంది: ఒక సంఖ్యని సున్నాతో గుణించి, వచ్చినదానికి దాని సగం కలిపి, మూడుతో గుణించి, సున్నాతో భాగిస్తే 63 వచ్చింది, ఆ సంఖ్య ఏది? జవాబు 14. సున్నాతో గుణించినదాన్ని సున్నాతో భాగించేటప్పుడు రెండు సున్నాలూ పోతాయన్నది ఆయన పద్ధతి. ఇవాళ మన క్లాసులో ఎవరైనా అలా చేస్తే మనం వేసే మార్కు కూడా సున్నాయే. వాళ్లని తక్కువ చేయడానికి చెప్పట్లేదు. అంతటివాళ్లు అయిదు వందల ఏళ్లు పెనుగులాడిన చోట ఎనిమిదో తరగతి పిల్ల అయిదు నిమిషాలు తడబడితే మనకి అంత తొందరెందుకు అని.

ఇప్పుడు దీనికి సరిగ్గా తిరగేసిన కేసు. 16/64 లో పైన ఆరు, కింద ఆరు కొట్టేస్తే 1/4. జవాబు కరెక్ట్! 19/95 లో తొమ్మిదులు కొట్టేస్తే 1/5, కరెక్ట్. 26/65 లో ఆరులు కొట్టేస్తే 2/5, 49/98 లో తొమ్మిదులు కొట్టేస్తే 4/8, రెండూ కరెక్టే. రెండంకెల భిన్నాల్లో ఇలా కుదిరేవి, 11/11, 10/20 లాంటి పిల్లవేషాలు, వీటినే తలకిందులు చేసినవి వదిలేస్తే, ఈ నాలుగే. ఓఎంఆర్ షీటు మీద ఈ పిల్లాడికీ, గసాభా తీసి చేసిన పిల్లాడికీ ఒకటే నల్ల చుక్క, ఒకటే మార్కు. నాలుగు ఆప్షన్ల పరీక్షలు వద్దని నేను అనట్లేదు, లక్షల మంది రాస్తారు, మరో దారి లేదేమో. కానీ ఆ చుక్క చూసి ‘మా వాడికి భిన్నాలు వచ్చు’ అని మనం సంతకం పెడుతున్నామే, అది మాత్రం కాస్త ఆలోచించాలి.

ఇక నాకు బాగా ఇష్టమైనది, త్రిభుజం. లోకంలో ప్రతి త్రిభుజమూ సమద్విబాహు త్రిభుజమే, అంటే రెండు భుజాలు సమానమే అని ఒక నిరూపణ ఉంది. నూరేళ్లకు పైబడిన పాత సరుకు. బోర్డు మీద త్రిభుజం గీయండి, పై మూల క, కింద మూలలు చ, ట. క దగ్గర కోణాన్ని సగం చేసే గీత గీయండి. చట కి లంబ సమద్విఖండన రేఖ గీయండి. రెండూ కలిసే బిందువు ప. ప నుంచి కచ మీదికి లంబం వేస్తే దాని పాదం త, కట మీదికి వేస్తే న. ఇప్పుడు క దగ్గరి రెండు చిన్న త్రిభుజాలు సర్వసమానాలు, కోణాలు సమానం, భుజం ఉమ్మడి. కాబట్టి కత = కన, పత = పన. ప అనేది లంబ సమద్విఖండన రేఖ మీద ఉంది కాబట్టి పచ = పట. లంబకోణం, కర్ణం, భుజం సమానం కాబట్టి పతచ, పనట లు కూడా సర్వసమానాలు, చత = టన. కలిపేస్తే కత + తచ = కన + నట, అంటే కచ = కట. అయిపోయింది. ఏ త్రిభుజంతో మొదలుపెట్టినా ఇదే.

మొదటిసారి దీన్ని చూసి నేను రెండు రోజులు పిచ్చెక్కినట్టు తిరిగాను. చాలామంది చెప్పే జవాబు ‘ప బిందువు త్రిభుజం లోపల ఉండదు, బయట ఉంటుంది, బొమ్మ తప్పు గీశారు’ అని. నిజమే, భుజాలు సమానం కానప్పుడు ఆ బిందువు ఎప్పుడూ బయటే, సరిగ్గా పరివృత్తం (మూడు మూలల మీదుగా పోయే వృత్తం) మీద ఉంటుంది. కానీ ఆ జవాబు చాలదు! ప ని బయట పెట్టి, త, న లని కూడా రెండు భుజాల పొడిగింపుల మీద పెట్టి బొమ్మ గీసి చూడండి, కూడికల బదులు తీసివేతలు వస్తాయి, మళ్లీ కచ = కట అనే తేలుతుంది. ప ఎక్కడుందన్నది కాదు విషయం, త, న లు ఎక్కడున్నాయన్నది.

ఇక్కడా అంకెలే వేయండి. కచ 8 సెంటీమీటర్లు, కట 6 సెంటీమీటర్లు. కాగితం మీద కంపాస్ పెట్టి నిజంగా గీయించండి, చేతివాటం బొమ్మ వద్దు. కత ఎంత? 7. కన ఎంత? అదీ 7. చత 1, టన 1. నిరూపణలో చెప్పిన ప్రతి సమానమూ నిజమే, ఒక్కటి కూడా అబద్ధం కాదు. కానీ త అనేది 8 సెంటీమీటర్ల భుజం లోపలే పడింది, 7 + 1 = 8. న మాత్రం 6 సెంటీమీటర్ల భుజం దాటి ఒక సెంటీమీటరు అవతల పడింది, 7 − 1 = 6. ఒక పక్క కలపాలి, ఒక పక్క తీసేయాలి. మనం రెండు పక్కలా కలిపేశాం, ఎందుకంటే బోర్డు మీద బొమ్మలో అలా కనిపించింది కాబట్టి. ‘ఈ బిందువు ఆ రెంటి మధ్యలో ఉంది’ అన్న ముక్కని మనం ఎప్పుడూ నిరూపించలేదు, కళ్లతో చూసి ఒప్పేసుకున్నాం. మనమే కాదు లెండి, యూక్లిడ్ కూడా అంతే, ‘మధ్యలో’ అనే మాటకి ఆయన దగ్గర స్వీకృతం (నిరూపించకుండా ముందే ఒప్పుకునే మాట) లేదు. జర్మన్ గణితవేత్తలు 1882లో పాష్, 1899లో హిల్బర్ట్ కూర్చుని దానికి స్వీకృతాలు రాసేదాకా ఆ ఖాళీ అలాగే ఉంది. రెండు వేల ఏళ్లకు పైగా!

ఈ బొమ్మ గీయించిన రోజు మా గదిలో ఒక పిల్లాడు, ఎప్పుడూ వెనక బల్ల, కంపాస్ బాక్సు కూడా తెచ్చుకోడు, పక్కవాడి కంపాస్ లాక్కుని మూడుసార్లు గీశాడు. మూడోసారి గీసి, “సార్, న ఎప్పుడూ చిన్న భుజం అవతలే పడుతోంది, పెద్దదాని అవతల పడట్లేదు, ఎందుకు?” అన్నాడు. నేను ఆ ప్రశ్న అడగలేదు, పుస్తకమూ అడగలేదు. (కత, కన లు రెండూ ఆ రెండు భుజాల సరాసరి. సరాసరి ఎప్పుడూ చిన్నదానికంటే పెద్దది, పెద్దదానికంటే చిన్నది. అదీ సంగతి.)

ఇంటర్‌లో గణితానుగమనం (ఒక మెట్టు నిజమైతే పై మెట్టూ నిజమని చూపించి అన్ని సంఖ్యలకీ నిరూపించే పద్ధతి) చెప్పేవాళ్లకి ఆవుల నిరూపణ తెలిసే ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో గుర్రాలుంటాయి. గేదెలతో చెప్తే పిల్లలు “నిజమే కదా సార్, అన్నీ నల్లవే” అంటారు, అందుకని నేను ఆవుల్ని పెట్టుకున్నాను. ఒక్క ఆవుంటే రంగు ఒకటే. ఏ పది ఆవుల్ని తీసుకున్నా ఒకే రంగు అనుకుంటే, పదకొండు ఆవుల్లో మొదటి పదీ ఒకే రంగు, చివరి పదీ ఒకే రంగు, మధ్యలో ఉన్నవి రెంటికీ ఉమ్మడి, కాబట్టి పదకొండూ ఒకే రంగు, అలా లోకంలో ఆవులన్నీ ఒకే రంగు. పది నుంచి పదకొండుకి వెళ్లడంలో నిజంగానే ఏ తప్పూ లేదు. ఒకటి నుంచి రెండుకి వెళ్లి చూడండి. మొదటిది ఒకటి, చివరిది ఒకటి, మధ్యలో ఉమ్మడి ఆవేదీ? ఆ ఒక్క మెట్టు విరిగింది, మిగతా మెట్లన్నీ గట్టివే. మన పిల్లలు పరీక్షలో ‘1 కి సత్యం, ప కి సత్యమనుకుంటే ప + 1 కి సత్యం’ అని పద్యంలా రాసేస్తారు, మనం పూర్తి మార్కులు వేసేస్తాం. ఆ పద్యం ఎందుకో ఈ ఆవు చెప్పినంత బాగా నేను ఏ రోజూ చెప్పలేకపోయాను.

చిన్నపిల్లలకైతే కత్తెర ఇవ్వండి. మా దగ్గర పెళ్లి శుభలేఖల అట్టలు మోపెడు ఉంటాయి, వాటి మీద 8 × 8 గడులు గీసి, అడ్డంగా 5, 3 వరుసలుగా కోసి, పెద్ద ముక్కని ఏటవాలుగా రెండు సమలంబాలుగా, చిన్న ముక్కని కర్ణం వెంట రెండు త్రిభుజాలుగా కోస్తే నాలుగు ముక్కలు. వాటిని మళ్లీ పేరిస్తే 5 × 13 దీర్ఘచతురస్రం. 64 గడులు కాస్తా 65 అయ్యాయి. ఏడో తరగతి పిల్లలు దాన్ని నాలుగు రోజులు ఇంటికి తీసుకెళ్లి అమ్మానాన్నలకి చూపించారు. తప్పు ఎక్కడంటే మధ్యలో గీత వెంట. ఒక ముక్క వాలు 3/8, అంటే 0.375. ఇంకోదాని వాలు 2/5, అంటే 0.4. కంటికి ఒకే గీత, నిజానికి రెండు గీతలు, మధ్యలో ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నటి సందు. సెంటీమీటరు గడులైతే ఆ సందు ఎక్కడా ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు, కానీ పొడుగునా లెక్కేస్తే సరిగ్గా ఒక గడి. కత్తెర సరిగ్గా పడలేదనుకుని మనమే దాన్ని క్షమించేస్తాం.

వాట్సాప్‌లో తిరిగే 1 + 2 + 3 + … = −1/12 గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను, రామానుజన్ పేరు పెట్టి మరీ పంపిస్తారు కాబట్టి. ఆయన 1913లో ఇంగ్లీషు గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరంలో ఇది ఉన్న మాట నిజమే, ఇది చెప్తే నన్ను పిచ్చాసుపత్రికి పొమ్మంటారని ఆయనే రాసుకున్నాడు కూడా. ఆయనకి తెలుసు, మామూలు కూడిక కాదు తను చేస్తున్నది అని. వీడియోల్లో చూపించే ‘నిరూపణ’ మాత్రం 1 − 1 + 1 − 1 + … = 1/2 అని మొదలవుతుంది. ఆ శ్రేణిని జంటలుగా కడితే 0, మొదటిది పక్కన పెట్టి జంటలు కడితే 1. అభిసరించని శ్రేణిలో, అంటే కూడుతూ పోతే ఏ ఒక్క సంఖ్య దగ్గరా స్థిరపడని శ్రేణిలో, పదాల్ని అటూ ఇటూ జరపడానికి మీకు అనుమతి ఎవరిచ్చారన్నది ప్రశ్న. మళ్లీ షరతే.

ఇక మీరు అనబోయే మాటలు నాకు తెలుసు, నేనూ అన్నాను కాబట్టి. “సిలబస్సే అవట్లేదు, ఇవన్నీ ఎప్పుడు చెప్పమంటారు?” “తప్పు నిరూపణ చూపిస్తే పిల్లల బుర్రలో తప్పే నిలిచిపోతుంది.” రెండోదానికి ముందు చెప్తాను. జ్యామితికి మూలగ్రంథమైన ఎలిమెంట్స్ రాసిన యూక్లిడే అచ్చం దొంగ నిరూపణల మీద వేరే పుస్తకం రాశాడు, సూడేరియా అని, కొత్తగా నేర్చుకునేవాళ్లు మోసపోకుండా తర్ఫీదు ఇవ్వడానికి. ప్రోక్లస్ అనే గ్రీకు పండితుడు 5వ శతాబ్దిలో దాని గురించి రాశాడు కాబట్టి మనకి తెలిసింది. ఎలిమెంట్స్ మిగిలింది, ఇది పోయింది. పాఠం చెప్పేవాళ్లం మనం కూడా ఒకటే మిగుల్చుకున్నాం.

తప్పు నిలిచిపోతుందన్న భయానికి ఇంకో కథ. ఏ పటాన్నయినా పక్కపక్క దేశాలకి వేరే రంగు వచ్చేలా నాలుగు రంగులతో నింపవచ్చని 1879లో కెంప్ అనే లండన్ లాయరు నిరూపించాడు. లోకమంతా ఒప్పుకుంది, ఆయన్ని రాయల్ సొసైటీలోకి తీసుకున్నారు. పదకొండేళ్లు గడిచాయి. 1890లో హీవుడ్ అనే కుర్రాడు ఒక పటం గీసి చూపించాడు, కెంప్ పద్ధతి అందులో పనిచేయదు. కెంప్ ఏం చేశాడంటే, ఒకచోట రెండు రంగుల గొలుసుల్ని (రెండే రంగులతో పక్కపక్కనే సాగే దేశాల వరుసల్ని) తారుమారు చేశాడు. మొదటిది మార్చడం సరే, రెండోది మార్చడం సరే. రెండూ ఒకేసారి మారిస్తే మొదటి మార్పు రెండోదాని దారిని చెడగొట్టవచ్చు, అది ఆయన చూసుకోలేదు. విడివిడిగా నిజం కాబట్టి కలిపినా నిజమే అనుకోవడం, మన పిల్లలు రోజూ చేసే పనే. అయితే ఆ తప్పు నిరూపణ చెత్తబుట్టలోకి పోలేదు. అదే గొలుసులతో హీవుడ్ అయిదు రంగులు చాలని నిరూపించాడు, 1976లో ఆపెల్, హాకెన్ అనే ఇద్దరు గణితవేత్తలు కంప్యూటర్ సాయంతో నాలుగు రంగుల సిద్ధాంతం తేల్చినప్పుడూ పునాదిలో ఉన్నది కెంప్ ఆలోచనే. ఇంగ్లీషు గణితవేత్త వైల్స్ సంగతి సరేసరి, 1993 జూన్‌లో కేంబ్రిడ్జిలో ఫెర్మా సిద్ధాంతం నిరూపించానని చప్పట్లు కొట్టించుకున్నాడు, పరిశీలించేవాళ్లు లైను లైనుకీ ప్రశ్నలు వేస్తే ఒక ఖాళీ బయటపడింది, 1994 సెప్టెంబరులో దాన్ని పూడ్చేదాకా నిద్రలేదు.

సిలబస్ సంగతి. నెలకి ఒకటి, పావుగంట. అంతకంటే అడగట్లేదు. రూలు డబ్బాలో పెట్టేటప్పుడు షరతు కూడా డబ్బా లోపలే రాయించండి, బయట కాదు. పిల్ల దొంగ నిరూపణ తెస్తే, మీకు అప్పటికప్పుడు తట్టకపోతే, “నాకూ తెలియట్లేదు, రేపు చూద్దాం” అనండి, పరువు పోదు, నేను అని చూశాను. ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకైతే నా విన్నపం ఇంకా చిన్నది: ఒకే ఒక్క ప్రశ్న, ఆరు లైన్ల నిరూపణ ఇచ్చి ‘ఏ లైనులో తప్పుంది, ఎందుకు’ అని. రెండు మార్కులు. జవాబు రెండు లైన్లు, దిద్దేవాళ్లకి అర నిమిషం. ఆ రెండు మార్కులు ఉన్నాయని తెలిస్తే చాలు, స్కూళ్లూ కాలేజీలూ ట్యూషన్లూ వాటంతటవే దొంగ నిరూపణలు చెప్పడం మొదలుపెడతాయి, మన వ్యవస్థ గురించి మనకి తెలియనిదేముంది. ఓ అయిదేళ్లకి ‘దొంగ నిరూపణల మీద స్పెషల్ క్రాష్ కోర్స్’ ఫ్లెక్సీలు కూడా కడతారు, కట్టనివ్వండి.

ఆ అమ్మాయి సంగతి మధ్యలో వదిలేశాను. రెండు రోజుల తర్వాత క్లాసులో అందరి ముందే చెప్పాను, ఆ రూలుకి షరతు ఉంది, నేను మీకు చెప్పలేదు, తప్పు నాది అని. ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే సార్, మన నోట్సులో ఇంకా ఎన్ని రూల్స్‌కి ఇలా షరతులున్నాయి?” అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. ఆ సాయంత్రమే రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను, ఆరో తరగతి నుంచి ఒక్కో రూలూ రాసుకుంటూ, పక్కన అది ఎప్పుడు పనిచేయదో రాసుకుంటూ. నూట పదమూడో పేజీలో ఉన్నాను, ఇంకా ఇంటర్ మొదటి సంవత్సరం దాటలేదు.

అందులో ఆఖరున రాసుకున్నది మీకు ఇచ్చి వెళ్తాను, జవాబు ఇవ్వను. క² + క + 1 = 0 అనుకుందాం. క సున్నా కాదు, ఎందుకంటే సున్నా వేస్తే 1 = 0 వస్తుంది, కాబట్టి నిశ్చింతగా క తో భాగించవచ్చు: క + 1 + 1/క = 0. మొదటి సమీకరణం నుంచి క + 1 = −క². దాన్ని ఇందులో వేస్తే −క² + 1/క = 0, అంటే క³ = 1, అంటే క = 1. మొదటి సమీకరణంలో 1 వేయండి: 3 = 0.

మీరు వెంటనే “క³ = 1 కి మూడు మూలాలుంటాయి కదా” అంటారు, నేనూ అన్నాను. అప్పుడు వెనక బల్ల కుర్రాడు, అదే కంపాస్ లాక్కున్నవాడు, “నేను వాస్తవ సంఖ్యల్లోనే ఉంటాను సార్, అక్కడ ఒకటే మూలం, ఇప్పుడు చెప్పండి ఏ లైను తప్పో” అన్నాడు. సోమవారం మీ బోర్డు మీద రాసి చూడండి.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక ట్యూషన్ మాస్టారు